దడ తగ్గింది కదా, గోలీలు ఆపెయ్యొచ్చా?

గుండె లయ తప్పినవాళ్లు మందుల గురించి తరచూ అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు

“సార్, ఇప్పుడు పాణం మంచిగనే ఉన్నది. దడ లేదు, దమ్ము లేదు. ఇంకా గీ గోలీలు ఎన్నొద్దులు మింగాలె?”

మా ఓపీలో రోజూ వినపడే ప్రశ్న ఇది. నేను కరీంనగర్‌లో గుండె జబ్బుల వైద్యుణ్ని. సిరిసిల్ల, జగిత్యాల, గోదావరిఖని నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. మంచిర్యాల, ఆసిఫాబాద్, ఉట్నూరు నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉంటారు. చేతిలో ఓ ప్లాస్టిక్ కవరు, అందులో పాత చీటీలు, ఈసీజీ కాగితాలు, సగం వాడిన గోలీల షీట్లు. ఏ గోలీ దేనికో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

అడగడంలో తప్పేం లేదు. రోజూ నాలుగైదు గోలీలు మింగే మనిషికి అవి ఎందుకో తెలియాల్సిందే. తెలియకపోతే ఏమవుతుందో కూడా మేం చూస్తూనే ఉంటాం. దడ తగ్గిందని మందులు బంద్ చేసిన మనిషిని ఓ పొద్దున మూతి వంకరపోయి, ఓ పక్క చెయ్యి, కాలు పడిపోయాక ఇంటివాళ్లు మోసుకొస్తారు. ఆపిన గోలీ ఏదని అడిగితే, చాలాసార్లు అది నెత్తురు గడ్డ కట్టకుండా చూసేదే అయివుంటుంది.

ముందు జబ్బు సంగతి

గుండె దడలన్నీ ఒకటి కావు. చాయ ఎక్కువ తాగినా, నిద్ర లేకపోయినా, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. అప్పుడప్పుడు ఒక్క దెబ్బ తప్పినట్టు అనిపించడం చాలామందికి మామూలే. ఏ రకమో ఈసీజీ తీస్తే గానీ తెలియదు. ఇక్కడ నేను చెప్పేది ఎక్కువగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ గురించి. మేం ఏఎఫ్ అంటాం.

గుండెకు పైన రెండు గదులు, కింద రెండు గదులు. పైగదిలో ఓ మూల పుట్టే కరెంటు ఒక పద్ధతిగా కిందికి పారి, విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు గుండెను కొట్టిస్తుంది. ఏఎఫ్‌లో ఆ కరెంటు పైగదుల్లో చెల్లాచెదురుగా తిరుగుతుంది. ఆ గదులు సరిగ్గా ముడుచుకోక, ఊరికే వణుకుతుంటాయి. నాడి పట్టుకుంటే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ పొంతన ఉండదు.

దీంతో రెండు కష్టాలు. దడ, ఆయాసం, నీరసం మొదటిది. ఇది మనిషికి తెలుస్తుంది. రెండోది తెలియదు. వణికే గదిలో నెత్తురు నిలవ ఉండి గడ్డ కడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకు పోతే పక్షవాతం. ఏఎఫ్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. చిన్నప్పటి గొంతు నొప్పి, కీళ్ల జ్వరం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడి ఏఎఫ్ వచ్చినవాళ్లకు 17 రెట్లు ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1978లోనే తేల్చింది. మన దగ్గర ఆ వాల్వు జబ్బు ఇంకా పోలేదు.

మందులు కూడా రెండు జట్లే. మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్, అమియోడరోన్ వంటివి గుండె వేగాన్నీ లయనూ అదుపు చేస్తాయి. ఎసినోకౌమరాల్, వార్ఫరిన్, డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ వంటివి గడ్డ కట్టనీయవు. మొదటి జట్టు పని మీకు తెలుస్తుంది, దడ తగ్గుతుంది. రెండో జట్టు పని ఎన్నటికీ తెలియదు. వేసుకున్నా, వేసుకోకపోయినా ఆ పూటకు ఏ తేడా అనిపించదు. అందుకే జనం దాన్నే ముందు ఆపుతారు. ప్రాణం కాపాడేది మాత్రం ఎక్కువగా అదే.

“దడ లేదు గదా, ఎన్నాళ్లు వాడాలె?”

దడ లేనంత మాత్రాన ఏఎఫ్ పోయినట్టు కాదు. కొందరికి అది వచ్చి పోతుంటుంది, వచ్చినట్టు కూడా తెలియదు. గడ్డ కట్టనీయని మందు ఎవరికి రాయాలి అన్నది దడను బట్టి నిర్ణయించం. వయసు 65 దాటిందా, బీపీ ఉందా, షుగర్ ఉందా, గుండె బలహీనపడిందా, ఇదివరకు పక్షవాతం వచ్చిందా అని లెక్క కడతాం. వాల్వు సన్నబడి ఉంటే ఆ లెక్క కూడా అక్కర్లేదు, మందు రాయాల్సిందే. ఈ కారణాలు ఒక్కరోజులో పోయేవి కావు కాబట్టి చాలామందికి మందు జీవితాంతం ఉంటుంది. హైదరాబాద్ వెళ్లి అబ్లేషన్ చేయించుకున్నవాళ్లు కూడా కనీసం రెండు మూడు నెలలు ఆపకూడదు. ఆ తర్వాతా ముప్పు లెక్క చూసే నిర్ణయం.

“ఆస్పిరిన్ గోలీ సరిపోదా? అగ్గువకు వస్తది” అని కూడా అడుగుతారు. సరిపోదు. వార్ఫరిన్ రకం మందు పక్షవాతాన్ని దాదాపు మూడింట రెండొంతులు తగ్గిస్తే, ఆస్పిరిన్ తగ్గించేది ఐదో వంతే. నెత్తురు కారే ప్రమాదం మాత్రం దానితోనూ ఉంటుంది.

“నెత్తురు పల్చగైతే కమ్‌జోర్ కానా?”

ఈ భయానికి కారణం మా మాటే. “రక్తం పల్చబడే మందు” అని మేమే అంటాం. వినేవాళ్లకు పాలలో నీళ్లు కలిపినట్టు అనిపిస్తుంది. అలా కాదు. నెత్తురు నీళ్లవదు, సత్తువ పోదు. గడ్డ కట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది, అంతే. పొలం పని చేసుకోవచ్చు, మగ్గం నేయొచ్చు, బీడీలు చుట్టొచ్చు. కొడవలి తెగితే నెత్తురు ఆగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమిపెట్టాలి.

“ఇది ఎలుకల మందట కదా, నిజమేనా?”

వార్ఫరిన్ మాట వరకు నిజమే. ఫోన్‌లో వీడియో చూసి వచ్చి అడుగుతుంటారు. 1920లలో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన ఓ రకం గడ్డి తిన్న పశువులు చిన్న గాయాలకే నెత్తురు ఆగక చనిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని 1930ల చివర్లో పట్టుకుంది. దాని నుంచి తయారైన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకలను చంపడానికి అమ్మారు. 1954లో మనుషులకు మందుగా అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఇచ్చిన మందుల్లో అదీ ఒకటి. మోతాదు మించితే విషం, సరిగ్గా ఉంటే మందు. ఆ మోతాదు సరిగ్గా ఉందో లేదో చూడటానికే నెత్తురు పరీక్ష.

“నెలనెలా పరీక్ష ఎందుకు? పరీక్ష లేని కొత్త గోలీ రాయరాదా?”

ఎసినోకౌమరాల్, వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్ఆర్ అనే పరీక్ష చేస్తాం. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. ఏఎఫ్‌లో 2 నుంచి 3 మధ్య ఉంచాలి. లోహపు వాల్వు వేసినవాళ్లలో కొందరికి ఇంకాస్త ఎక్కువ కావాలి. 2 కంటే తగ్గితే గడ్డ కట్టే భయం, బాగా పెరిగితే నెత్తురు కారే భయం. ఈ గోలీ సాయంత్రం వేసుకోమనేదీ ఇందుకే. పొద్దున పరీక్ష చేయిస్తే, మోతాదు మార్చాలన్నా ఆ సాయంత్రం నుంచే మార్చొచ్చు.

డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్‌లకు ఐఎన్ఆర్ అక్కర్లేదు. పేటెంట్ల గడువు తీరాక మన కంపెనీలే తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. ఉట్నూరు గూడెం నుంచి నెలనెలా పరీక్షకు రాలేని మనిషికి ఇవి పెద్ద వరం. కానీ అందరికీ కాదు. లోహపు వాల్వు ఉన్నవాళ్లు, మైట్రల్ వాల్వు బాగా సన్నబడినవాళ్లు పాత మందే వాడాలి. కీళ్ల జ్వరంతో వాల్వు చెడి ఏఎఫ్ వచ్చిన దాదాపు నాలుగున్నర వేల మందిపై ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో చేసిన ఇన్విక్టస్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. రివరోక్సబాన్ కంటే పాత మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ. ఖరీదైంది, కొత్తది అయితే మంచిదనుకోవడం ఇక్కడ చెల్లదు.

కొత్త మందులకూ పద్ధతులున్నాయి. రివరోక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల గోలీ అన్నం తిన్నాకే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటికి పట్టదు. డాబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పి పొడి మింగకూడదు. షీటులోంచి ముందే తీసి డబ్బాలో పోసుకున్నా తేమకు చెడిపోతుంది. ఐఎన్ఆర్ లేకపోయినా మూత్రపిండాల పరీక్ష మాత్రం ఏడాదికోసారైనా చేయించాలి.

“పుంటికూర తినొద్దా? కల్లు తాగొచ్చా?”

కొత్త మందులు వాడేవాళ్లకు ఆకుకూరల పట్టింపు లేదు. ఎసినోకౌమరాల్, వార్ఫరిన్ వాడేవాళ్లకే ఆ జాగ్రత్త. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. అలాగని పాలకూర, తోటకూర, మునగాకు, పుంటికూర మానెయ్యాల్సిన పని లేదు. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే అట్లనే తినండి. నెలంతా ముట్టకుండా, వాన పడ్డాక చేన్ల కూర దొరికిందని వరుసగా వారం రోజులు తింటేనే ఐఎన్ఆర్ తలకిందులవుతుంది. మాన్పించడం మా ఉద్దేశం కాదు, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలన్నదే మాట.

కల్లు, సారా, ఇప్పసారా, బీరు ఏదైనా ఏఎఫ్‌ను రెచ్చగొడతాయి. దావత్ తెల్లారి దడతో వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు. ఆస్ట్రేలియాలో క్రమం తప్పకుండా తాగే 140 మందిపై చేసిన ఓ అధ్యయనం 2020లో వచ్చింది. తాగుడు మానినవాళ్లలో 53 శాతం మందికి ఏఎఫ్ తిరిగొస్తే, మాననివాళ్లలో 73 శాతం మందికి వచ్చింది. గోలీతో పాటు ఇదీ ఓ మందే అనుకోండి.

“ఓ పూట మర్చిపోతే రెండు వేసుకోవాల్నా?”

వద్దు. రెండు గోలీలు ఒక్కసారి ఎప్పుడూ వేసుకోవద్దు. ఎసినోకౌమరాల్, వార్ఫరిన్ అయితే ఆ రోజే గుర్తొస్తే వేసుకోండి. తెల్లారాక గుర్తొస్తే దాన్ని వదిలేసి, ఆ రోజుది ఆ రోజు వేసుకుని, పుస్తకంలో రాసి పెట్టండి. కొత్త మందుల్లో రోజుకు రెండుసార్లు వేసుకునేదైతే 6 గంటల లోపు, ఒక్కసారిదైతే 12 గంటల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. దాటితే తర్వాతి వేళకే. ఈ కొత్త మందుల పని ఒక రోజులోనే తగ్గిపోతుంది కాబట్టి షీటు అయిపోయేదాకా ఆగకుండా ముందే కొనిపెట్టుకోవాలి.

“మోకాళ్ల నొప్పులకు సూది ఏయించుకోవచ్చా?”

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర పిరుదుకు సూది వేయించుకోవడం మనకు అలవాటు. గడ్డ కట్టనీయని మందు వాడే మనిషికి కండలో సూది వేస్తే లోపల నెత్తురు గూడు కట్టి వాపు రావచ్చు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ నొప్పి గోలీలు కడుపులో పుండు చేసి నెత్తురు కారేలా చేస్తాయి. నొప్పికి పారాసిటమాల్ మేలు. అదీ రోజుల తరబడి వాడాల్సి వస్తే అడగాలి. వాల్వు జబ్బు ఉన్న పిల్లలకు, పెద్దలకు 21 రోజులకోసారి వేసే పెన్సిలిన్ సూది సంగతి వేరు. దాన్ని సొంతంగా మానొద్దు, గోలీతో పాటు ఎలా వేయించుకోవాలో డాక్టర్‌నే అడగండి.

ఇంకొన్ని మందులూ చిక్కు తెస్తాయి. ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్, విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ ఐఎన్ఆర్‌ను పెంచుతాయి. టీబీ మందు రిఫాంపిసిన్ దాన్ని బాగా దించేస్తుంది. ఎవరు ఏ మందు రాసినా “నేను రక్తం గడ్డ కట్టని గోలీ వాడుతున్న” అన్న ఒక్క మాట ముందే చెప్పండి. పన్ను పీకించుకోవాలన్నా అంతే. చాలాసార్లు గోలీ ఆపకుండానే పీకొచ్చు. ఆపాలా వద్దా అన్నది ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకుని చెప్పాలి.

“వేగం తగ్గించే గోలీలతో ఏమన్నా నష్టమా?”

మెటోప్రొలాల్ వంటివి వాడుతుంటే నీరసం, కాళ్లు చేతులు చల్లబడటం ఉండొచ్చు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. దీన్ని ఒక్కసారిగా ఆపితే గుండె వేగం ఎగిసిపడుతుంది.

డిగాక్సిన్ చాలా పాత మందు. ఇంగ్లండ్ వైద్యుడు విలియం విథరింగ్ 1785లో ఓ పూల మొక్క ఆకుల గురించి రాసిన పుస్తకంతో వైద్యంలోకి వచ్చింది. చాలినంత మోతాదుకూ ఎక్కువైన మోతాదుకూ తేడా బాగా తక్కువ. అందుకే కొందరికి వారంలో ఐదు రోజులే వేసుకోమని రాస్తాం. అది పొరపాటున రాసింది కాదు. తిండి సయించకపోవడం, వాంతులు, కళ్లకు పసుపుపచ్చగా కనపడటం ఉంటే ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.

అమియోడరోన్ లయను బాగా నిలబెడుతుంది, కానీ అందులో అయోడిన్ ఎక్కువ. థైరాయిడ్‌ను, కాలేయాన్ని, ఊపిరితిత్తులను కదిలించగలదు. ఆర్నెల్లకోసారి థైరాయిడ్, కాలేయం పరీక్షలు చేయించాలి. పొడిదగ్గు, ఆయాసం కొత్తగా మొదలైతే చెప్పాలి. ఎండకు చర్మం కమిలిపోతుంది. పత్తి చేన్లో పనిచేసేవాళ్లు తలకు రుమాలు, పొడుగు చేతుల అంగీ మరవొద్దు. ఎసినోకౌమరాల్‌తో కలిపి వాడితే ఐఎన్ఆర్ పెరుగుతుంది కాబట్టి ఆ గోలీ మోతాదు తగ్గించాలి.

“ఒక్కపొద్దు ఉంటా. రోజా పడతా. ఎట్ల?”

రోజుకోసారి వేసుకునే గోలీని రాత్రి భోజనానికి, ఇఫ్తార్‌కు జరుపుకోవచ్చు. రోజుకు రెండుసార్లదైతే సహెరీకి, ఇఫ్తార్‌కు. పండుగ మొదలయ్యాక కాదు, ముందే వచ్చి అడగండి.

ఎండాకాలం సంగతి ఇంకా ముఖ్యం. రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండలు 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు తెలుసు. వాంతులు, విరేచనాలు అయి ఒంట్లో నీరు పోతే మూత్రపిండాలు మందును బయటికి పంపలేవు. డిగాక్సిన్, డాబిగాట్రాన్ ఒంట్లోనే పేరుకుంటాయి. తిండి తినకపోతే ఐఎన్ఆర్ కూడా పెరుగుతుంది. అలాంటప్పుడు ఫోన్ చేయండి, పరీక్ష చేయించండి. గోలీలను బండి డిక్కీలో, పొయ్యి గూట్లో పెట్టొద్దు.

“బిడ్డ కడుపుతో ఉంది. గోలీ ఆపాల్నా?”

వాల్వు జబ్బున్న ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ మాట తప్పక చెప్తాను. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ గర్భం తొలి నెలల్లో, ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య, కడుపులో బిడ్డకు హాని చేయగలవు. అలాగని తల్లి సొంతంగా ఆపితే వాల్వు మీద గడ్డ కట్టి ఆమె ప్రాణానికే ముప్పు. పిల్లలు కావాలనుకున్నప్పుడే గుండె డాక్టర్‌నూ, కాన్పుల డాక్టర్‌నూ కలవాలి. నెల తప్పితే ఆ వారమే రావాలి. అత్తగారింట్లో తెలుస్తుందని మందు దాచడం, ఆపడం రెండూ ప్రమాదమే.

“దుబాయ్ పోతున్న. అక్కడ ఎట్ల?”

జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయేవాళ్లు చీటీ, డిశ్చార్జి కాగితం, షీట్లతో సహా మందులు చేతి సంచిలో పెట్టుకోవాలి. ఐఎన్ఆర్ ఎక్కడ చేస్తారో దిగిన వారంలోనే కనుక్కోవాలి. ఒక్క జాగ్రత్త: ఎసినోకౌమరాల్ 1 మిల్లీగ్రాము, వార్ఫరిన్ 1 మిల్లీగ్రాము ఒకటి కావు. అక్కడ ఇది దొరకలేదని అది అంతే మోతాదులో వేసుకోవద్దు.

ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయి చూపించుకునేవాళ్లకూ ఇదే చిక్కు. అక్కడి చీటీలో ఒక పేరు, ఇక్కడి చీటీలో ఇంకో పేరు, లోపల మందు ఒకటే. రెండూ వేసుకుంటే రెట్టింపు మోతాదు. షీటు మీద కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరును మెడికల్ షాపులో చదివించుకోండి.

ఎప్పుడు ఆలస్యం చేయొద్దు?

మూతి వంకరపోయినా, ఓ పక్క చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే నేరుగా పోవాలి. గడ్డ కరిగించే సూదికి నాలుగున్నర గంటలే గడువు. ఆసిఫాబాద్ అడవి ఊళ్ల నుంచి దారిలోనే అందులో ఎంతో పోతుంది. మనిషి చివరిసారి ఎప్పుడు బాగున్నాడో, ఆఖరి గోలీ ఎప్పుడు వేసుకున్నాడో చెప్పాలి. ఆ సూది ఇవ్వొచ్చో లేదో దాన్ని బట్టే తేలుతుంది.

మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రంలో నెత్తురు పడ్డా అదే రోజు రావాలి. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే పైకి ఏం కనపడకపోయినా రావాలి. స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పితో దడ ఉంటే ఇంట్లో కూర్చోవద్దు.

జేబులో ఉండాల్సిన కాగితం

ఓ చిన్న కాగితం మీద ఇవి రాయించి జేబులో పెట్టుకోండి:

• జబ్బు పేరు, వాల్వు ఆపరేషన్ అయితే ఆ సంగతి
• వాడుతున్న ప్రతి మందు పేరు, మోతాదు, వేళ
• ఆఖరి ఐఎన్ఆర్ ఎంత, ఏ తారీకు
• ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, చూసే డాక్టర్ నంబరు

గోలీ మార్చాలన్నా, తగ్గించాలన్నా, ఖర్చు భారంగా ఉందన్నా నోరు విప్పి అడగండి. అగ్గువలో దొరికే జనరిక్ ఉంది, మోతాదు సర్దే దారి ఉంది. అడిగే రోగి మాకు భారం కాదు. చెప్పకుండా ఆపేసే రోగి గురించే మా భయమంతా.